మీకు తెలుసా? ఏడడుగుల పడవ, ఎన్నో అంతస్తులు

ఇంటి కొలత ఎక్కడిది?

ఇంగ్లండ్ కాలువల మీద పడవనే ఇల్లుగా చేసుకుని బతుకుతున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ పడవను నారోబోట్ అంటారు. పొడవు 70 అడుగుల దాకా ఉండొచ్చు, వెడల్పు మాత్రం 6 అడుగుల 10 అంగుళాలే. పొడగరి మనిషి లోపల నిలబడి చేతులు బార చాపితే రెండు గోడలూ అందుతాయి.

ఆ వెడల్పు రెండున్నర శతాబ్దాల నాటిది. 1766లో ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకు బ్రిటిష్ పార్లమెంటు అనుమతి ఇచ్చింది. ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. దారికి అడ్డంగా హేర్‌కాజిల్ కొండ ఉంది, దాని కింద రెండున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం తొలవాలి. సొరంగం వెడల్పయ్యేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. లాకు వెడల్పయ్యేకొద్దీ పడవ దాటిన ప్రతిసారీ పోయే నీళ్లు పెరుగుతాయి. (లాకు అంటే పడవను ఎత్తుకో పల్లానికో చేర్చే, రెండు వైపులా గేట్లున్న నీటి గది. గోదావరి, కృష్ణా డెల్టా వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.) అందుకని లాకుల వెడల్పు ఏడడుగులకు కుదించారు. మిడ్‌లాండ్స్‌లో తర్వాత తవ్విన కాలువలు చాలావరకు అదే కొలత పట్టుకున్నాయి. 1777లో ఆ కాలువ పూర్తయ్యేనాటికి బ్రిండ్లీ లేడు, అయిదేళ్ల ముందే పోయాడు. ఆయన కొలత మాత్రం ఇవాళ్టికీ అంగుళం మారలేదు.

బొగ్గుకూ, బంకమట్టికీ, పింగాణీ సామానుకూ పెట్టిన కొలత అది. అందులో సంసారాలు సాగించాల్సి రావడం తర్వాతి కథ. ఆ సంసారాలను గట్టు మీది జనం ఎలా చూశారన్నది ఇంకా పెద్ద కథ. నాకు చెప్పాలనిపించింది అదే.

రైలు వచ్చి ఇల్లు పోగొట్టింది

మొదట్లో పడవ నడిపేవాళ్లలో చాలామందికి గట్టు మీద ఇల్లుండేది. మగవాడు పడవ మీద వెళ్లేవాడు, ఇల్లాలూ పిల్లలూ ఊళ్లో ఉండేవారు. 1830లు, 40లలో రైళ్లు పెరిగాయి. సరుకు కోసం పోటీ మొదలై కాలువ కిరాయిలు పడిపోయాయి. పడవవాడికి వచ్చేది ట్రిప్పుకు ఇంత, టన్నుకు ఇంత అని. సరుకు కోసం రేవులో నాలుగు రోజులు ఆగితే ఆ నాలుగు రోజులకూ పైసా రాదు. ఇంటి అద్దె, సహాయకుడి కూలి రెండూ మోయలేక చాలామంది ఇల్లు వదిలేసి భార్యాబిడ్డలను పడవ ఎక్కించారు. భార్య చుక్కాని పట్టింది. పిల్లలు గుర్రం పక్కన నడిచారు, లాకులు తిప్పారు. వాళ్లెవరికీ వేరే జీతం లేదు.

వాళ్లు కాపురం చేసిన గది ఎలా ఉంటుందో ఒకసారి లోపలికి దిగి చూద్దాం. సరుకు కోసం పడవలో అత్యధిక భాగం వదిలేయాలి కాబట్టి వెనక చివర మిగిలేది మహా అయితే పదడుగుల పొడవు. తలుపు తెరవగానే కాలు పెట్టే మెట్టు నిజానికి బొగ్గుపెట్టె. దిగితే ఎడమ చేతివైపు ఇనుప పొయ్యి. వంటకూ అదే, వెచ్చదనానికీ అదే. పొయ్యి పక్కన అలమర, దాని తలుపు కిందికి వాలిస్తే భోజనాల బల్ల. ఆ తర్వాత ఇంకో అలమర, దాని తలుపు అడ్డంగా వాలిస్తే గది వెడల్పునా పరుచుకునే మంచం. పగలు పరుపు ఆ అలమరలోకే వెళ్లిపోతుంది. కుడివైపు సన్నటి బల్ల, పగలు కూర్చోవడానికి, రాత్రి పిల్లలకు పక్క. ఇంతే ఇల్లు. ఇందులోనే పురుళ్లు, జబ్బులు, పెళ్లిచూపులు, చావులు.

పొయ్యి మీది ఇత్తడి మాత్రం అద్దంలా మెరిసేది. అలమరల అంచులకు క్రోషియా లేసు వేలాడేది. నరసాపురం లేసు అల్లే చేతులు ఆ పనితనాన్ని చూడగానే గుర్తుపడతాయి. గుర్రానికి ఈగలు వాలకుండా చెవులకు కూడా లేసు తొడుగులు అల్లేవాళ్లు.

రైలుకూ కాలువకూ ఇదే తగువు మన దగ్గరా నడిచింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ డెల్టా కాలువలను సేద్యానికే కాక పడవలు తిరగడానికీ పనికొచ్చేలా తీర్చాడు. ఈ దేశానికి రైళ్లకన్నా జలమార్గాలే చవక అని జీవితాంతం వాదించాడు. ఆ వాదన నెగ్గలేదు.

ఒక మనిషికి ఎంత గాలి?

జార్జ్ స్మిత్ చిన్నప్పుడు ఇటుకల బట్టీలో పనిచేసినవాడు. పెద్దయ్యాక బట్టీల్లో పిల్లల చాకిరీ మీద పోరాడి చట్టం తెప్పించాడు. ఆ తర్వాత ఆయన చూపు పడవల మీద పడింది. 1875లో పడవ జనం గురించి ఒక పుస్తకం అచ్చువేశాడు. ఇరుకు, మురికి, తాగుడు, చదువు లేకపోవడం, పెళ్లి లేని కాపురాలు అంటూ భయంకరమైన చిత్రం గీశాడు. అందులో అతిశయోక్తి చాలా ఉందని తర్వాత చరిత్రకారులు తేల్చారు. కానీ అప్పటికి దేశమంతా నమ్మింది. 1877లో కెనాల్ బోట్స్ చట్టం వచ్చింది, 1884లో దానికి కోరలు మొలిచాయి.

ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలు చదివితే మనసు ఒకచోట ఆగిపోతుంది. పన్నెండేళ్లు దాటిన ప్రతి మనిషికీ 60 ఘనపుటడుగుల గాలి ఉండాలి, అంతకన్నా చిన్నవాళ్లకు 40 చాలు. భార్యాభర్తలు పడుకునే గదిలో పన్నెండు దాటిన వేరే ఆడపిల్ల, పద్నాలుగు దాటిన వేరే మగపిల్లవాడు రాత్రిపూట ఉండకూడదు. ఇన్‌స్పెక్టర్ పడవ ఎక్కి లోపల చూడొచ్చు. పడవలను ఇళ్లుగా నమోదు చేయాలి, లోపల ఎంతమంది ఉండొచ్చో రాయించుకోవాలి.

స్మిత్ మనసులో దయ ఉందనడంలో నాకు అనుమానం లేదు. పిల్లలకు బడి కావాలన్నది న్యాయమైన మాట. అయితే అదే కాలంలో లండన్, మాంచెస్టర్ మురికివాడల్లో ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం కుక్కుకుని ఉండేది. పడవవాళ్లను ప్రత్యేకంగా ఒక జాతిలా విడదీసి, వాళ్ల పక్కబట్టల దాకా లెక్క చూడటంతో గట్టు మీది జనానికి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. మురికి మనుషులు, దొంగ చూపులవాళ్లు, పిల్లల్ని దగ్గరకు రానివ్వకూడదు. ఒక తరం పాటు చట్టం చెప్పిన మాటను పోగొట్టడానికి ఇంకో మూడు తరాలు చాలలేదు.

బార్జీ అని పిలవకండి

కాలువ మీద బతికేవాళ్లను ఇంగ్లిషువాళ్లు మామూలుగా 'బార్జీ' అనేవారు. పడవవాళ్లకు ఆ మాట తిట్టులా వినిపించేది. తమను తాము 'బోటర్లు' అనుకునేవారు. సొంత పడవ ఉన్నవాడు 'నంబర్ వన్'. కంపెనీ పడవ నడిపేవాడికన్నా అతని మాటకు విలువెక్కువ. అంటే బయటినుంచి చూస్తే అందరూ ఒకే మట్టి, లోపల మాత్రం మెట్లు ఉన్నాయి. ఇప్పటికీ నారోబోట్‌ను బార్జ్ అంటే యజమాని మొహం మారుతుంది. బార్జ్ అంటే దాదాపు రెట్టింపు వెడల్పున్న పడవ.

గట్టు మీద నిలబడి పడవలను ఊరికే చూస్తూ ఉండిపోయేవాళ్లకు పడవ భాషలో ఒక పేరుంది, గొంగూజ్లర్.

గులాబీలు, కోటలు, ఒక టీపాట్

పడవ తలుపుల మీద, నీళ్ల బిందెల మీద గులాబీలు, కోటలు గీయడం ఒక సంప్రదాయం. 1858లోనే చార్లెస్ డికెన్స్ నడిపిన పత్రికలో ఆ బొమ్మల ప్రస్తావన ఉంది. ఏ కాలేజీలోనూ నేర్పని ఈ చిత్రకళ పడవలు తయారయ్యే రేవుల్లో చేతి నుంచి చేతికి వచ్చింది. గట్టు మీద తమకు లేని తోటనూ, తమకు ఎప్పటికీ దొరకని కోటనూ తలుపు మీద గీయించుకున్నారని కొందరంటారు. నాకు ఆ మాట అంతగా నచ్చదు. ఇల్లు అందంగా ఉండాలనుకోవడానికి ఇంకో ఇల్లు లేదన్న దిగులే కారణం కానక్కర్లేదు. సంక్రాంతి ముగ్గును ఎవరైనా అలా చూస్తారా?

ఇంకోటి మీషమ్ టీపాట్. ముదురు గోధుమరంగు, పైన పూలు, మూత మీద పిడికి బదులు ఇంకో బుల్లి టీపాట్. ఆష్‌బీ కాలువ పక్కన మీషమ్ అనే ఊరి దుకాణంలో ఆర్డరిస్తే, మీరు చెప్పిన పేరు, మాట దాని పలక మీద అచ్చువేసి ఇచ్చేవారు. సరుకుతో ఒకవైపు పోతూ ఆర్డరు చెప్పి, తిరుగు ప్రయాణంలో తీసుకునేవాళ్లు. 19వ శతాబ్దం చివర పడవ కుటుంబాలకు అది గొప్ప ఆస్తి. చదవడం రాని ఇంట్లో అక్షరాలున్న వస్తువు అదొక్కటే అయిన సందర్భాలు ఎన్నో ఉండుంటాయి.

బడి పడవ, నర్సమ్మ

రోజుకో ఊళ్లో ఉండే పిల్లలు ఏ బడికి వెళ్తారు? సరుకు దించే ఒక పూట ఇక్కడ, ఇంకో పూట అక్కడ. ప్రతి బడిలోనూ మొదటి రోజే. తోటి పిల్లలు పక్కన కూర్చోనివ్వని మొదటి రోజు. 1930లో లండన్ పడమటి శివారు వెస్ట్ డ్రేటన్ దగ్గర ఒక బార్జ్‌నే పడవ పిల్లల బడిగా మార్చారు. కనీసం అక్కడ అందరూ ఒకటే.

స్టోక్ బ్రూయెర్న్ అనే లాకుల ఊళ్లో సిస్టర్ మేరీ వార్డ్ ఉండేది. పడవవాళ్లకు కాలు విరిగినా, కాన్పయినా, జ్వరమొచ్చినా ఆమె ఇంటి గుమ్మమే ఆసుపత్రి. ఉత్తరం వస్తే చదివి పెట్టేది కూడా. 1951లో ఆమెకు బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చారు. పడవ జనాన్ని 'కేసులు'గా చూసిన దేశంలో వాళ్లను ఇరుగుపొరుగుగా చూసిన మనిషి ఆమె.

యుద్ధం వచ్చింది, చదువుకున్న అమ్మాయిలు ఎక్కారు

రెండో ప్రపంచయుద్ధంలో పడవలకు మనుషులు చాలలేదు. ప్రభుత్వం ఆడవాళ్లను పిలిచింది. వచ్చినవాళ్లలో చాలామంది మధ్యతరగతి, అంతకన్నా పై ఇళ్ల అమ్మాయిలు. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు లోహం, తిరిగి వచ్చేటప్పుడు కోవెంట్రీ దగ్గర బొగ్గు. ముగ్గురు అమ్మాయిలు, ఒక జత పడవలు, 50 టన్నుల దాకా సరుకు. వాళ్ల బ్యాడ్జి మీద ఐడబ్ల్యూ అని ఉండేది, ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అని. దాన్ని జనం 'ఐడిల్ విమెన్' అని, అంటే పనిలేని ఆడవాళ్లని, మార్చేశారు. పొద్దు పొడవకముందు నుంచి పొద్దుపోయేదాకా పనిచేసినవాళ్లకు ఆ పేరు.

వాళ్లలో ఒకరు, ఎమ్మా స్మిత్, ఆ అనుభవంతో 1948లో 'మెయిడెన్స్ ట్రిప్' రాశారు. అది బహుమతి కూడా పొందింది. ఆలోచించండి. తరతరాలుగా పడవ మీద పుట్టి పెరిగిన ఆడవాళ్లు చేస్తున్న పని, కొద్దికాలం చేసి వచ్చినవాళ్ల కలం ద్వారానే పుస్తకమైంది. తప్పు రాసినవాళ్లది కాదు, వాళ్లు ప్రేమతోనే రాశారు. కానీ అక్షరం ఎవరి చేతిలో ఉంటే కథ వాళ్ల వైపు నుంచే మొదలవుతుంది.

ఆ అమ్మాయిల్లోనే సోనియా సౌత్ అనే నటి. యుద్ధం అయిపోగానే మిగతావాళ్లు చాలావరకు ఇళ్లకు వెళ్లిపోయారు. ఆమె 1945లో జార్జ్ స్మిత్ అనే పడవ మనిషిని పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయింది. (పైన చెప్పిన సంస్కర్తా ఇతనూ పేరుకు మాత్రమే ఒకటి.) ఆ కాపురం చివరిదాకా నిలవలేదు, కానీ పడవ జనంతో ఆమె బంధం నిలిచింది. కోవెంట్రీ దగ్గర హాక్స్‌బరీ రేవులో రాబర్ట్ లాంగ్డెన్ అనే ఫ్యాక్టరీ ఉద్యోగి సెలవు వేళల్లో పడవ కుటుంబాల ఫోటోలు తీసేవాడు. దశాబ్దాల తర్వాత, 1997లో, ఆ ఫోటోలతో ఆమె పుస్తకం తెచ్చింది. ఫోటోల్లోని మొహాలకు ఆమె దగ్గర పేర్లున్నాయి. ఎవరి కూతురో, ఎవరి పడవో, ఎవరిని పెళ్లాడిందో తెలుసు. బయటివాళ్లకు 'బార్జీలు'గా కనిపించినవాళ్లు ఆ పుస్తకంలో ఒక ఊరివాళ్లలా కనిపిస్తారు. 2014లో, 95 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది.

బాత్‌టబ్ ఉన్న పడవ

1939లో ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజనీరు, భార్యతో కలిసి 'క్రెసీ' అనే పడవ మీద కాపురం పెట్టాడు. పడవలో బాత్‌టబ్ కూడా బిగించాడు. యుద్ధకాలంలో ఎక్కువ కాలం టార్డెబిగ్ దగ్గర ఆగాడు. వరసగా 30 లాకులున్న చోటు అది, ఆ దేశంలో అంత పొడవైన లాకుల వరస ఇంకోటి లేదు. 1944 చివర అతని పుస్తకం 'నారో బోట్' వచ్చింది. 1946లో అతనూ రాబర్ట్ ఐక్‌మన్, మరికొందరూ కలిసి ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ పెట్టారు. పూడిపోతున్న కాలువలను కాపాడుకోవాలన్న ఉద్యమం దేశంలో అక్కడినుంచే ఊపందుకుంది.

మాటల అర్థం అప్పుడే మారింది. అదే వెడల్పు, అదే పొయ్యి, అవే నీళ్లు. గట్టు మీద ఇల్లు కట్టుకునే స్తోమత ఉండీ పడవ ఎంచుకున్నవాడు స్వేచ్ఛాజీవి. ఆ స్తోమత లేక పడవలో పుట్టినవాడు దిక్కులేనివాడు. కాలువ మీద అంతస్తును తేల్చేది పడవ కాదు, ఇష్టం లేనప్పుడు దిగిపోవడానికి గట్టు మీద చోటుందా లేదా అన్నదే. ఆ కాలువల చరిత్రలో ఎటు తిరిగినా నాకు ఈ ఒక్కటే కనిపిస్తుంది.

కాలువలు బతికాయి గానీ వాటి మీద సరుకు బతకలేదు. 1962–63 చలికాలం నెలల తరబడి నీళ్లు గడ్డకట్టి, చాలా కుటుంబాలకు అదే చివరి సీజన్ అయింది. అథర్‌స్టోన్ నుంచి లండన్ సౌతాల్‌లోని జామ్ ఫ్యాక్టరీకి బొగ్గు తెచ్చే పని 1970 దాకా సాగింది. పడవవాళ్లు దాన్ని 'జామ్ ఓల్' అనేవారు. దూరప్రాంతపు సరుకు రవాణా దాంతో దాదాపు ముగిసింది.

పద్నాలుగు రోజులు

ఇప్పుడు ఆ కాలువల్లో చాలావాటిని కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ చూస్తోంది. 2012లో ప్రభుత్వ సంస్థ నుంచి బాధ్యత తీసుకుంది. దాదాపు 2,000 మైళ్ల జలమార్గం. వేగం గంటకు 4 మైళ్లు మించకూడదు, అంటే మనం చురుగ్గా నడిచేంత.

1995 నాటి చట్టం ప్రకారం సొంత రేవు లేని పడవ నిజంగా ప్రయాణం చేస్తూ ఉండాలి. ఒకేచోట 14 రోజులకు మించి ఉండకూడదు, సరైన కారణం ఉంటే తప్ప. అలా తిరిగేవాళ్లను 'కంటిన్యువస్ క్రూయిజర్లు' అంటారు. ఎంత దూరం వెళ్లాలో చట్టంలో లేదు. ఆ ఒక్క ఖాళీ చుట్టూ ఏళ్లుగా తగాదా. పిల్లవాడి బడి ఒకచోట, తల్లి ఉద్యోగం ఇంకోచోట, పడవ రెండు వారాలకోసారి కదలాలి. శాశ్వత నివాసానికి అనుమతి ఉన్న రేవులు తక్కువ, లండన్‌లో మరీ తక్కువ. 2024 ఏప్రిల్ నుంచి సొంత రేవు లేని పడవల లైసెన్సుకు అదనపు రుసుం కూడా పడింది.

బ్యాంకు వాళ్లు, ఉద్యోగం ఇచ్చేవాళ్లు, పార్సిల్ తెచ్చేవాళ్లు అందరూ అడిగే మొదటి ప్రశ్న చిరునామా. ఇంటికిచ్చే మామూలు మార్ట్‌గేజ్ పడవకు దొరకదు. ఓటు మాత్రం వేయొచ్చు. స్థిర చిరునామా లేనివాళ్లు ఫలానా చోటుతో నాకు సంబంధం ఉందని ప్రకటన రాసిస్తే జాబితాలో పేరు చేరుతుంది.

ప్యాడింగ్టన్ స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే లిటిల్ వెనిస్. అక్కడ నిలబడి పడవల పైకప్పులు చూడండి. ఒకదాని మీద పూలకుండీలు, తుడిచి మెరిపించిన ఇత్తడి. ఇంకోదాని మీద సౌరఫలకాలు, బొగ్గు బస్తాలు, కోసి పేర్చిన కట్టెలు, సైకిలు, చక్రాల బండి. చలికాలం గట్టెక్కడానికి సిద్ధంగా ఉన్నది రెండోదే. చూసేవాళ్ల చూపు మాత్రం దాని మీద అనుమానంగా పడుతుంది. నీళ్ల కుళాయి దగ్గర ట్యాంకు నింపుకోవడం, మరుగుదొడ్డి డబ్బా మోసుకెళ్లి పారబోయడం, పొద్దున్నే పొయ్యి బూడిద తీయడం రెండింటిలోనూ ఉంటాయి. లాకు దగ్గర వంకర కడ్డీ తిప్పేటప్పుడు ఆ రెండు పడవలవాళ్లూ ఒకరికొకరు గేటు పట్టుకుంటారు. ఎవరి యాస ఏమిటని అక్కడ ఎవరూ అడగరు, గేటు మూయకుండా పోయావా లేదా అన్నదే చూస్తారు.

వెనక గది

కొత్త పడవ కట్టించుకునే కొందరు ఇప్పుడు వెనక చివర 'బోట్‌మన్స్ క్యాబిన్' కావాలని ప్రత్యేకంగా అడుగుతారు. ఎడమవైపు ఇనుప పొయ్యి, వాలిస్తే బల్లయ్యే తలుపు, వాలిస్తే మంచమయ్యే తలుపు, ఇత్తడి గుబ్బలు, లేసు, గులాబీలు, కోట. మెట్టుగా బొగ్గుపెట్టె. దానికి అదనంగా డబ్బు కడతారు. ముందువైపు షవర్, ఫ్రిజ్, విశాలమైన మంచం ఉన్న వేరే గది ఉంటాయి. చుట్టాలు వస్తే వెనక గదిలో పడుకోబెడతారు, పొయ్యి వెలిగించి చూపిస్తారు. బొగ్గుపెట్టె మూత మీద రంగు ఇంకా కొత్తగానే ఉంటుంది.